నా కారు అద్దం పగలగొట్టిన సత్తన్న

నిన్న మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా రేణుక ఫోన్ చేసింది.

"మేడం, మా ఆయన్ని కొట్టి సంపిన్రు."

అంతే. ఏడుపు కూడా లేదు. వెనక హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి.

లాప్‌టాప్ అలాగే వదిలేసి బయటికి పరుగెత్తాను. లిఫ్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియదు.

మియాపూర్‌లో రేకుల షెడ్డు కింద కార్లు బాగుచేసే సత్తన్న ఇక లేడు.

మా టీమ్‌లో సగం మంది బళ్లు ఆయన చేతిలోనే నడిచాయి. నాకు ఆయన ఎలా పరిచయమో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పొద్దున రేణుకను అడిగాను, రాయనా అని.

"రాయుండ్రి మేడం. ఉన్నదున్నట్టు రాయుండ్రి" అంది.

నాలుగేళ్ల కిందట. కోకాపేట సర్వీస్ రోడ్డు, ఆఫీస్ టైమ్. నా ఆటోమేటిక్ కారు దేన్నో గుద్దినట్టు అదిరి, స్పీడ్ ఒక్కసారిగా పడిపోయింది. నేను బ్రేక్ మీద కాలే పెట్టలేదు.

వెనక బైక్ మీద వస్తున్న మొగుడూ పెళ్లాం నన్ను తప్పించబోయి కింద పడ్డారు.

అతను లేచాడు. సంచిలోంచి చక్రం విప్పే పానా తీశాడు.

మొదటి దెబ్బకు సైడ్ మిర్రర్ ఊడిపడింది. రెండో దెబ్బకు నా పక్క అద్దం పగిలి ఒళ్లో పడింది. చెంప మీద వెచ్చగా రక్తం.

"గట్లెట్ల బ్రేక్ ఏస్తవ్? నా పెండ్లాన్ని సంపుతవా? దిగు! దిగు బయటికి!"

లోపలికి చెయ్యి పెట్టి చున్నీ పట్టుకుని లాగాడు. అది నా మెడకు బిగుసుకుపోయింది. పానా మళ్లీ పైకి లేచింది.

చంపేస్తాడనే అనుకున్నాను.

కింద పడిన ఆవిడ, మోచెయ్యి తోలు లేచిపోయి రక్తం కారుతుండగానే, వచ్చి అతని నడుం పట్టుకుంది.

"ఆగు! ఆమె బ్రేక్ ఎయ్యలే. ఎనక లైట్ ఎలగనే లేదు, నేను సూసిన!"

ఆవిడే రేణుక.

అతను ఆగాడు. వంగి నా డాష్‌బోర్డ్ చూశాడు. గేర్ గుర్తు బ్లింక్ అవుతోంది.

"మూడో గేర్ల ఇరుక్కుందా?" అన్నాడు. పానా ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత రోడ్డు మీదే కూలబడి తన చెంపలు తనే వాయించుకున్నాడు.

పోలీసులకు నంబర్ కొట్టి కట్ చేశాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ గేర్ గుర్తు అప్పటికే నెల రోజులుగా వెలుగుతోంది. ఒక పెద్ద వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన రేటు నా నాలుగు నెలల జీతం. ఇతనేమో చూడగానే ఏం జరిగిందో చెప్పాడు.

మర్నాడు బండి షెడ్డుకు తీసుకెళ్లాను. మా తమ్ముణ్ని తోడు తీసుకుని. భయం పోలేదు మరి.

స్కానర్ పెట్టాడు. గేర్‌బాక్స్ స్పీడ్ సెన్సార్ అని కోడ్ వచ్చింది. బండి ఎంత వేగంతో పోతోందో గేర్‌బాక్స్‌కు చెప్పేది అదే. ఆ కబురు తెగిపోతే గేర్‌బాక్స్ భయపడి తనంతట తనే గేర్ దించేస్తుంది.

"అయితే సెన్సార్ మార్చాలా అండీ?"

"కోడ్ మాట ఇని మారిస్తే మల్ల గదే లొల్లి మేడం. జర ఆగుండ్రి."

మీటర్ పెట్టి చూశాడు. సెన్సార్ బాగానే ఉంది. మీటర్ అలాగే ఉంచి, వైరు పొడవునా వేళ్లతో కదుపుతూ వచ్చాడు. ఒకచోట రీడింగ్ ఎగిరిపోయింది.

ఎలుక కొరికిన వైరు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎలుక! బండి గుంతలో పడ్డప్పుడల్లా లోపలి రాగి తీగ బాడీకి తగులుతోంది.

టంకం వేసి, స్లీవ్ తొడిగి, కోడ్ చెరిపేసి, నన్నే నడపమన్నాడు. గేర్లు వెన్నలా మారాయి. డబ్బు తీసుకోలేదు. అద్దం, మిర్రర్ కూడా తనే వేయించాడు.

సత్తన్న దేవుడు అని రాయను. ఆ చెయ్యి రేణుక మీద కూడా లేచిన రోజులున్నాయి. అది కూడా రాయమంది రేణుకే. కోకాపేట తర్వాత మాత్రం ఆయన ఎవరినీ కొట్టలేదట.

పోయినేడు ఒక పెద్ద వర్క్‌షాప్ మనుషులు ముగ్గురు షెడ్డు మీద పడ్డారు. గేర్‌బాక్స్ మార్చాలని వాళ్లు భయపెట్టిన కస్టమర్లను సత్తన్న వైరో సెన్సారో బాగుచేసి తక్కువలో పంపించేస్తున్నాడని వాళ్ల కోపం. స్కానర్ నేలకేసి పగలగొట్టారు. ఆయన కుడిచెయ్యి బూటుతో తొక్కి రెండు వేళ్లు విరిచారు.

దవాఖానలో అడిగాను, పక్కనే అన్ని పానాలు ఉండి ఎందుకు ఊరుకున్నారని.

"లేపితే ఒకడు సచ్చేటోడు మేడం. నా చెయ్యి సంగతి నాకెర్క."

నిన్న బాచుపల్లి రోడ్డులో ఒక డెలివరీ కుర్రాడి బైక్ తగిలి ఒక కారు మీద గీత పడింది. కారువాడు డిక్కీలోంచి క్రికెట్ బ్యాట్ తీసి ఆ కుర్రాణ్ని నేల మీద వేసి కొడుతున్నాడు. చుట్టూ జనం. అందరి చేతుల్లో ఫోన్లు.

సత్తన్న బండి ఆపి మధ్యలోకి వెళ్లాడు. రెండు చేతులూ పైకెత్తి, "కొట్టకు అన్నా, పోరగాడు సస్తడు" అన్నాడు.

బ్యాట్ తలకు తగిలింది. పడ్డాక ఇంకో రెండు దెబ్బలు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ కుర్రాడు బతికాడు. కొట్టినవాణ్ని పోలీసులు పట్టుకున్నారు.

మంచి పని చేస్తూ పోయాడని పొద్దున్నుంచి అందరూ అంటున్నారు. నాకది సరిపోవడం లేదు. నాకు కోపంగా ఉంది. అంతమంది నిలబడి చూశారు. నలుగురు కదిలినా సరిపోయేది.

ఆ వీడియో మీ గ్రూపుల్లోకి వస్తుంది. ఫార్వర్డ్ చేయకండి. రేణుక ఫోన్‌కే ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది.

సాయంత్రం మియాపూర్‌లో వాళ్లింటి దగ్గరే ఆఖరి చూపు. రాగలిగినవాళ్లు రండి.

సెలవు సత్తన్నా. ఇక మిమ్మల్ని ఎవరూ కొట్టరు. మీరున్న చోట ఎవరి చెయ్యీ ఎవరి మీదా లేవకుండా ఉండాలి.