యోసేపు తీసిన వెన్నెల సింగిడి

తొర్రూరు బస్టాండు వెనక సందులో యోసేపుకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చర్చిలో బాప్తిస్మాలు, బడి పిల్లల పాస్‌పోర్టు ఫోటోలు, ఇదే ఆయన బతుకుదెరువు. భాద్రపదంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ ఖాళీ రోజుల్లో కెమెరా మెడలో వేసుకుని, బండి మీద గూడూరు అవతలి గుట్టలకు పోయేవాడు. అక్కడ వానలకు పూసే పూలంటే ఆయనకు పిచ్చి. గునుగు, తంగేడు సరే, అవి అందరికీ తెలిసినవే. పొదల మీదికి పాకి మంటలా పైకి లేచే అడవినాభి పువ్వు కోసం బురదలో బోర్లా పడుకుని పూటంతా గడిపేవాడు.

ఆ పూలను మొదట చూసేది ఆయన భార్య శైలజ. స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు తయారు చేసేది ఆమే.

"గీ పువ్వును ఒక్కసారి దగ్గర్నుంచి సూడాలె," అనేది.

"వచ్చే యేడు పోదాం తియ్," అనేవాడు యోసేపు. ఆ వచ్చే యేడు ఎన్నిసార్లు వచ్చిపోయిందో ఆయన లెక్క పెట్టుకోలేదు.

గుట్ట మీంచి నీళ్లు దూకే చోటుకు దగ్గరలో దేవ్యా అనే తండా రైతుకు మక్కజొన్న చేను ఉంది. ఒకరోజు అతనే చెప్పాడు. "అన్నా, పున్నమి నాడు నీళ్ల కాడ రాత్రిపూట గూడ సింగిడి పడతది. మా బాపు సూపిచ్చిండు."

రాత్రిపూట ఇంద్రధనుస్సు అంటే యోసేపు మొదట నమ్మలేదు. నమ్మిన తర్వాత నిద్ర పట్టలేదు. రెండేళ్లు పున్నమికి పోతే రెండేళ్లూ మబ్బులే. మూడో ఏడు ఆకాశం కడిగినట్టుంది. బయల్దేరుతుంటే శైలజ చెప్పులు వేసుకుని వచ్చి నిలబడింది.

"నేను గూడ వస్త."

"అడవిల చీకటి. బండలు జారుతయ్. నీకెందుకు?"

"గీసారి తోల్కపో. మల్ల ఎప్పుడైతదో ఏమో."

ఆ మాటలో ఏదో ఉందని ఆయనకు తోచలేదు. అప్పటికే శైలజ సందెవేళ మంచాలకూ గడపలకూ తగులుకుంటూ నడిచేది. "కోడి లెక్క పొద్దుగూకంగనే కండ్లు మూస్తవేంది," అని ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

దేవ్యా టార్చి పట్టుకుని ముందు నడిచాడు. ఆమె యోసేపు చొక్కా అంచు పట్టుకుని వచ్చింది. నీళ్ల దగ్గరికి చేరేసరికి వెనక చంద్రుడు చెట్లపైకి వచ్చాడు. తుంపర పొగలా లేస్తోంది. యోసేపు కెమెరాను స్టాండుకు బిగించి బటన్ నొక్కాడు. కాసేపటికి తెర మీద బొమ్మ వెలిగింది. నల్లటి బండల మీద ఇంద్రధనుస్సు, పై అంచున ఎరుపు, లోపల ఊదా. ఆయన వెంటనే మళ్లీ బటన్ నొక్కాడు.

"కండ్లకు తెల్లగనే ఉంటదన్నా, పొగ లెక్క," అన్నాడు దేవ్యా.

"ఎటు దిక్కు?" అంది శైలజ.

"గదే, నీళ్ల మొదట్ల," అని యోసేపు తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు.

ఆమె రెండడుగులు ముందుకు వేసింది. బొమ్మకు అడ్డం వచ్చింది.

"జర పక్కకు జరుగు శైలూ."

ఆమె జరిగింది. కాలు జారి బండ మీద కూలబడింది. దేవ్యా చెయ్యి అందించి లేపాడు. "ఏమయ్యా, జర ఇటు రా," అని ఆమె పిలిచింది. మళ్లీ పిలిచింది. "ఒక్క నిమిషం," అన్నాడు యోసేపు. మబ్బు కమ్మేదాకా ఆ నిమిషం తీరలేదు. సామాను సర్దుకుంటూ అడిగాడు, "కనబడ్డదా?"

"ఆ, మంచిగ కనబడ్డది."

ఆ ఫోటో ఫోన్లలో జిల్లా అంతా తిరిగింది. మహబూబాబాద్ నుంచి కూడా మనుషులు స్టూడియోకు వచ్చి అడిగేవాళ్లు. ఉత్త కండ్లకు ఎట్లుంటదని అడిగితే యోసేపు శైలజ వైపు చూసేవాడు. ఆయన చూసింది తెర మీది బొమ్మనే. "తెల్లగ ఉండె, పొగ లెక్క," అనేది శైలజ.

చలికాలంలో ఒక సాయంత్రం ఆమె స్టూడియో మెట్ల మీంచి పడింది. వరంగల్లో కంటి డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. రేచీకటితో మొదలై, చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకొచ్చే జబ్బు అన్నాడు. మందు లేదన్నాడు. ఎప్పటినుంచి అని అడిగితే, "మూడు నాలుగేండ్ల సంది," అంది శైలజ.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక యోసేపు అడిగాడు.

"అయితే ఆనాడు సింగిడి?"

"కనబడలే. నీళ్ల సప్పుడు ఇన్న."

"మరి కనబడ్డదంటివి."

"నువ్వు అంత ఖుషీగ ఉంటివి. ఏం చెప్పాలె?"

"ముందుగాలన్న చెప్పకపోతివి."

"ఆడ చెప్దామనే వచ్చిన. పిలిచిన గూడ. నువ్వు కెమెరాల నుంచి తల ఎత్తలే." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనను ఎక్కువ బాధ పెట్టింది.

మళ్లీ వానలు పడ్డాక, పగటిపూట ఆమెను గుట్టల దగ్గరికి తీసుకుపోయాడు. అడవినాభి తీగ ముందు కూర్చోబెట్టాడు. ఆమె ముఖం దగ్గరగా పెట్టి ఒక్కొక్క రేకూ చూసింది. ఎదురుగా ఉన్నది ఆమెకు ఇంకా బాగానే కనబడుతుంది.

"గుట్టంత పూసిందా? ఎట్లున్నదో చెప్పు," అంది.

యోసేపు తల ఎత్తి చూశాడు. "పచ్చగున్నది. నడుమ నడుమ ఎర్రగ..." అని ఆగిపోయాడు. అన్నేళ్లు ఈ గుట్టల్లో తిరిగినా ఒక్కో పువ్వునే చూశాడు తప్ప మొత్తం గుట్టను ఎన్నడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆమె ఎదురు చూసింది.

"పోనీ తియ్, మెల్లగ చెప్పు," అంది శైలజ.

ఇప్పుడు ఆయన పొద్దుగూకక ముందే స్టూడియో షట్టర్ దించి, ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్తాడు. ఆనాడు ఆమె పిలిచినప్పుడు పోయి ఉన్నా చూపు నిలిచేది కాదని ఆయనకు తెలుసు. కానీ ఆ చీకట్లో ఆమె ఒక్కతే ఉండేది కాదు, అంతే. అది మాత్రం ఆయన చేతిలో ఉండింది.