ట్రాక్టరుకు గిట్టలు చూసినవాణ్ణి

ఎడంచేత్తో టీ తాగుతున్నానని నవ్వకండప్పా. నవ్వాల్సింది ఇంకా ముందుంది. పోయిన నెల మా బామ్మర్దితో ట్రాక్టరు కొనిపించాను. అవును, నేనే! కుడిచేతికి ఈ కట్టు అది ఇచ్చిన బహుమానం.

మీకు తెలియనిదేముంది, ఎద్దుల బేరానికి నన్ను పిలవకుండా మా చుట్టుపక్కల ఎవడూ సంతకు పోడు. పళ్లు చూసి వయసు చెప్తాను, సుడి చూసి గుణం చెప్తాను, నడక చూసి గిట్టలో ముల్లుందని కూడా చెప్తాను. ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు. ఇంట్లో నా మాట చెల్లకపోయినా సంతలో చెల్లుతుంది.

మా బామ్మర్ది ఓబులేసుది నల్లరేగడి చేను. దాన్నిండా గరిక. మడకతో ఎంత దున్నినా లోతున వేరు మిగిలి మళ్లీ లేస్తుంది. తెల్లోళ్ల యుద్ధం అయిపోయింది కదా, ఆ పనులు లేక కర్నూల్లో ఎవరో కాంట్రాక్టరు పాత ట్రాక్టరు అమ్ముతున్నాడని విన్నాడు. ఉన్న ఎద్దుల జత అమ్మేసి నా దగ్గరికి వచ్చాడు.

"బావా, నువ్వు సూసి సరే అంటే కొంటా. లేకుంటే లేదు."

నాకు ట్రాక్టరు గురించి ఏం తెలుసు? ఏమీ తెలీదు! ఆ ముక్క చెప్పడానికి నోరు రావాలి కదా. మీసం దువ్వుకుని "దాన్దేముందిరా, పోదాం పా" అన్నాను.

మా ఊరి మస్తాన్ కర్నూలు బస్సు డ్రైవరు. దారిలో సంగతి విని, "మామా, పాత బండి గదా, నేనూ వచ్చి సూస్తా" అన్నాడు. "బస్సు వేరు, సేద్యం వేరు. నువ్వు నీ బొగ్గులు సూసుకో పో" అన్నాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు లెండి.

కాంట్రాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ట్రాక్టరు ఎర్రగా మెరిసిపోతోంది. రంగు ఇంకా పూర్తిగా ఆరినట్టు కూడా లేదు. సంతలో ఎవడైనా కొమ్ములకు రంగేసి ముసలి ఎద్దును తెస్తే అక్కడికక్కడే పరువు తీసేస్తాను నేను. పైన పటారం లోన లొటారం అని నలుగురికీ చెప్పేది నేనే. ఇక్కడ మాత్రం "ఎంత ముద్దుగా పెట్టుకున్నాడో సూసినావా" అన్నాను ఓబులేసుతో!

చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎద్దు గిట్టలు చూసినట్టు ఇనపచక్రాలు తట్టి చూశాను. నోరు ఎక్కడుందో తెలీక ఒక మూత తీసి తొంగిచూస్తే ముఖానికి ఆవిరి కొట్టింది. బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది! నా సంతోషం చూడాలి. కాడి నుంచి అప్పుడే విడిచిన ఎద్దుకు ఒళ్లు వెచ్చగా ఉంటుంది. అలాంటిదాన్ని కళ్లు మూసుకుని కొనొచ్చునని మా నాయన చెప్పేవాడు.

"పొద్దున్నే పని చేసొచ్చిందిరా ఇది" అని ఓబులేసు చెవిలో ఊదాను.

ఆఖరికి కాంట్రాక్టర్ని గంభీరంగా అడిగాను. "దీనికి తన్నే గుణముండాదా?"

ఆయన పడీపడీ నవ్వాడు. "ఇనుము యాడన్నా తంతాదా పెద్దాయనా!" పనివాడితో ఇంజను ముందున్న హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పించాడు. బుర్రుమని లేచింది. నేను సంతలో లాగే తువ్వాలు తీసి ఆయన చేతిమీద కప్పి, కింద వేళ్లు పట్టి ధర చెప్పి బేరం తెంపేశాను.

వాళ్ల డ్రైవరు ఎక్కడా ఇంజను ఆపకుండా ఊరిదాకా తోలుకొచ్చి దిగబెట్టి పోయాడు. హారతులు, టెంకాయలు! రెండోరోజు మంచి వాన పడింది. మూడోరోజు నేల పదునుకొచ్చింది. తమాషా చూడ్డానికి ఊరంతా ఓబులేసు ఇంటిముందు చేరింది.

ఓబులేసు హ్యాండిలు తిప్పాడు. లేవలేదు. ఇంకో ఇద్దరు తిప్పారు. ఊహూ! "జరగండ్రా, దాని గుణం నాకు తెలుసు" అని నేను పట్టుకున్నాను. హ్యాండిలు వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది చూడండీ, మణికట్టు టక్కుమంది! నేనడిగిన ప్రశ్నల్లో పనికొచ్చేది అదొక్కటే.

వేడినీళ్లు పోస్తే లేస్తుందని ఎవడో అన్నాడు. వీధిలోని పొయ్యిలన్నీ వెలిగాయి. మా ఆవిడ కడవ దించి, "బాలింతకు గూడా ఇన్ని నీళ్లు కాసింది లేదు" అంది. మధ్యాహ్నానికి లేచింది మహాతల్లి. చేన్లో రెండు సాళ్లు పోయి, నల్లపొగ కక్కి, అక్కడే నిలబడిపోయింది.

సాయంత్రం మస్తాన్ వచ్చాడు. మూతలన్నీ తీసి చూసి అడిగాడు.

"మామా, మీరు సూసేదానికి పోయినప్పుడు ఇంజను సల్లగా ఉండిందా, ఎచ్చగా ఉండిందా?"

"ఎచ్చగా!" అన్నాను గొప్పగా. "అందుకే గదా కొనింది."

మస్తాన్ తల పట్టుకున్నాడు. "అయ్యో మామా! లోపల శానా అరిగిపోయుండాది. సల్లగుంటే లేయదు. మీరు వస్తారని ముందే తిప్పి ఎచ్చజేసి పెట్టినాడు. సల్లారినంక లేపమని అడగల్ల."

నాకు తల కొట్టేసినట్టయింది. ఓబులేసు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది! పదును ఆరిపోతుంటే పాపం ఇల్లిల్లూ తిరిగి ఎద్దులు అడుక్కొచ్చి దున్నుకున్నాడు. నేను వారం రోజులు రచ్చకట్ట వైపు పోలేదు. చివరికి మస్తానే ఎవరితోనో మాట్లాడి ట్రాక్టరును పాత ఇనుము కింద అమ్మించాడు.

మొన్న ఓబులేసు మా ఇంటికొచ్చాడు. "బావా, ఎద్దులు కొనల్ల. సంతకు రా" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి. ఇంత జరిగినా నా మాటమీద గురి పోలేదు! తలపాగా చుట్టుకుని బయల్దేరాను.

మూడు జతలు చూశాను. ఒంటిచేత్తోనే పళ్లు చూశాను, సుడులు చూశాను, నడిపించి చూశాను. మొదటి జత పరవాలేదన్నాను. రెండోది బంగారమన్నాను. మూడో జతను మాత్రం ముట్టుకోనే వద్దని చేతికట్టు ఊపి మరీ చెప్పాను.

ఓబులేసు శ్రద్ధగా విన్నాడు. నేరుగా పోయి ఆ మూడో జత రైతు చేతిమీద తువ్వాలు కప్పాడు.

"ఏందిరా, అది వద్దంటి గదా!" అని అరిచాను.

వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు. "ఏది వద్దో సెప్తావనే గదా బావా, నిన్ను తోడుకొచ్చింది!"