బాపు అడిగిన పెద్ద బోరు తుపాకి

నా చిన్నప్పుడు, బోథ్ దగ్గర మా ఊరిలో, అడవిపందులకు మా మక్కచేను మీద మాకన్న ఎక్కువ ప్రేమ ఉండేది. కంకి పాలు పట్టిందో లేదో బాపు, అంటే మా నాన్న, గోటితో గిల్లి చూసేలోపే అవి నోటితో చూసేవి. ఆ రోజుల్లో పంట కాపాడుకునే రైతులకు సర్కారు తుపాకి లైసెన్సు ఇచ్చేది. బాపుకు కూడా ఒకటుండె. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకిని ఠాణాలో అప్పజెప్పాలె. పందులకు ఎలక్షన్ల మీద నమ్మకం ఏర్పడ్డది అందుకే.

అది మీట తుపాకి. పిడి కింద ఉంగరం లాంటి మీట ఉండేది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే ఖాళీ తూటా ఎగిరి పడి, కొత్తది లోపలికి ఎక్కేది. ముప్పై రెండు బోరు. బోరంటే గొట్టం లోపలి వెడల్పు. అది పెద్దదైతే తూటా లావుగుంటది, దెబ్బ గట్టిగుంటది. ఆ ఏడు బాపు ఎన్ని తూటాలు కాల్చినా ఒక్క పంది పడలే. తాకుతున్నయి గాని తూటాలకు బలం చాలుతలేదని ఆయన తీర్పు. ఆదిలాబాద్‌లో ఎవరో నలభై నాలుగు బోరుది అమ్ముతున్నరని తెలిసి, మా పాలబర్రెను అమ్మి దాన్ని కొందామని నిర్ణయించిండు. ఇంట్లో పాడి అంటే ఆ ఒక్క బర్రెనే. అవ్వ అంటే మాకు అమ్మ, ఆమె రెండు రోజులు మాట్లాడలే. నేను మూడు రోజులు మాట్లాడలే గాని ఆ సంగతి ఎవరూ గమనించలే.

కొనేముందు మా తాతను ఒక మాట అడుగుదామని బాపే కబురు పంపిండు. తాత అంటే అవ్వ తండ్రి. మిషన్ దవాఖానలో డాక్టరు దొరకు వంట చేసిన మనిషి. దొర వేటకు పోతే వెంట పోయి, ఆఖరికి దొరకన్న బాగా కాల్చుడు నేర్చుకున్నడు. ఆ సంగతి దొర ముందట ఎన్నడూ అనలేదట, నౌకరి ముఖ్యం గదా. అవ్వ ఆశంతా తండ్రి మీదనే. అయితే మా దిక్కు అల్లుని తప్పు అల్లుని మొఖం మీద చెప్పే మామ ఉండడు. అల్లుడొస్తే కోడిని కోయాలె, అల్లుడు సలహా అడిగితే మీ ఇష్టం అనాలె. మామ పని అంతవరకే.

తాత వచ్చిండు, తిన్నడు, తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసిండు. అడవిపందికి పెద్ద బోరే మంచిదన్నడు. లోపల అవ్వ గిన్నెలు గట్టిగా పెట్టుడు షురూ చేసింది. పాతదాని దెబ్బ ఎంతనో ఒకసారి చూస్తే, కొత్తది ఎంత పెద్దది కావాల్నో తెలుస్తదని తాత నిమ్మళంగా మాట కలిపిండు.

ఆదివారం ప్రార్థన అయినంక ముగ్గురం ఊరవతలి ఎండిన వాగుకు పోయినం. మనుషులు తిరగని దిక్కున, ఎత్తైన మట్టిగడ్డకు ఆనించి తాత ఒక సొరకాయను నిలబెట్టిండు. తూటాలు తనే నింపిండు. నన్ను తన వెనక నిలబెట్టుకొని చెవిలో చెప్పిండు.

"కాయను సూడకు బిడ్డా. గొట్టం కొసను సూడు."

బాపు కాల్చిండు. సొరకాయకు రెండు జానల కింద మట్టి లేచింది. రెండోది కూడా అంతే. బలం లేక తూటా కిందికి జారుతున్నదని బాపు మాకు వివరించిండు. తాత తల ఊపిండు. మూడోసారి బాపు మీట ఆడించి, గురి చూసి, నొక్కిండు. టక్‌మన్నది, అంతే. చప్పుడు లేదు, పొగ లేదు. గొట్టం కొస మాత్రం జానెడు కిందికి వంగింది. బాపు కండ్లు రెండూ గట్టిగా మూసుకొని ఉన్నయి.

తుపాకి పేలలే గాని, పేలుతదన్న భయానికి బాపు ఒళ్ళు ముందే పేలింది. అంతకు ముందు రెండుసార్లు కూడా అట్లనే వంగి ఉంటది. ఆ మోతలో, ఆ పొగలో ఎవరికి కనపడ్డది? బాపు కండ్లు తెరిచి, తన తుపాకి ఎటు చూస్తున్నదో తనే చూసుకున్నడు.

"పెద్ద బోరైతే ఇంకింత వంగుతది గదా మామా," అన్నడు ఆఖరికి, మెల్లగా.

అవునని గాని కాదని గాని తాత అనలే. "గా మూడో తూటాలకెల్లి మందు తీసేసి నేనే పెట్టిన. దొర నాకు గిట్లనే పెట్టిండు. ఇంకోటి ఉన్నది, ఇప్పుడు మీరు నింపుర్రి అల్లుడా, నేను కొడత."

తాత మొదటి తూటా సొరకాయ నడుమ నుంచి పోయింది. రెండోది టక్‌మన్నది. తాత గొట్టం కూడా వంగింది, వేలెడంత. "సూసిండ్రా, ముసలోన్నైనా గీ భయం పోలే," అని నవ్విండు. బాపు మొఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

ఆ తర్వాత బాపు రోజూ పొద్దున ఖాళీ తుపాకితో సాధన చేసిండు. లోపల ఏం లేదని మూడుసార్లు చూసి, గొట్టం కొస మీద ఒక చింతగింజ పెట్టుకొని నొక్కేటోడు. గింజ పడొద్దు. మొదటి వారం వాకిట్ల చింతగింజల వాన కురిసింది. అవ్వ ఏమనకుండ ఏరి మళ్ల గిన్నెలో పోసేది. పదిహేను రోజులకు గింజ నిలిచింది. మక్కలు కోసే ముందు ఒక పంది పడ్డది, అదే ముప్పై రెండు బోరుకు. మిగిలినయి వేరే ఊరి దారి పట్టినయి. బర్రె మా కొట్టంలనే ఉండిపోయింది.

నేను పెద్దయి కరీంనగర్‌లో చానా ఏండ్లు లెక్కలు చెప్పిన. బోర్డు దగ్గరికి పిలిస్తే చెమటలు పట్టి నిలబడే పిల్లలను ఎందరినో చూసిన. అటువంటి పిల్ల లెక్క తప్పినప్పుడు, ఆ పక్కనే నేను కూడా ఒకటి తప్పు చేసి, తుడిచి, మళ్ల చేసేదాన్ని. మా టీచర్‌కు కూడా సరిగ రాదని క్లాసులో అనుకునేటోళ్లు. అనుకోనీ.

ఎందుకంటే ఆనాడు వాగులో తాత చెప్పినట్టు నేను గొట్టం కొసనే చూసిన గాని, ఆయన వంతు వచ్చినప్పుడు ఒక్కసారి మొఖం దిక్కు కూడా చూసిన. తాత గొట్టం వంగినప్పుడు ఆయన కండ్లు రెండూ తెరిచే ఉన్నయి.