ఈశాన్యం మూల కమాను

మా గేటు తీసి లోపలికి అడుగుపెడితే ఒక ఇనుప కమాను కిందనుంచి రావాలి. దాని మీద రాధామనోహరం తీగ. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆ తర్వాత ఎర్రబడే పువ్వులు. దీని గురించి నేను పడినన్ని మాటలు ఇంకెవరైనా పడి ఉంటే, ఈపాటికి తీగ పీకేసి బండలు పరిపించుకునేవాళ్లు. నేను పీకలేదు.

నాచారంలో మాది చిన్న ఇల్లు. కట్టుకున్నది మేమే గానీ దాని రూపం మాత్రం వాస్తుది. మా బావ, అంటే మా ఆయన అన్న, మల్కాజిగిరి నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక గోడకి మూడేది. వంటింట్లో పెరటివైపు తలుపు మూయించారు. మెట్లు పడగొట్టి ఇంకోవైపు కట్టించారు. మా ఆయనకి ఒంట్లో నలతగా ఉన్నా సరే, ముందు గోడలవైపు చూసి తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు. ప్రతిసారీ నేను సరే అన్నాను. పోనీలే, ఇటుకలే కదా అనుకున్నాను.

కమాను మాత్రం నా సొంతం. ఉప్పల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఒకరోజు బడినుంచి వస్తూ రోడ్డు పక్కన వెదురు బొంగులు కొని, ఆటో మీద కట్టించుకుని తెచ్చాను. పచ్చి బొంగులు చీల్చి, వంచి, బైండింగ్ వైరుతో బిగించాను. వేళ్లు కోసుకుపోయాయి. కమాను వంకరగా వచ్చింది. వస్తే ఏం? తీగ కప్పేశాక ఆ వంకర ఎవరికి కనబడింది గనక! ఆ ఇంట్లో ఎవర్నీ అడక్కుండా నేను పెట్టుకున్నది అదొక్కటే.

కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత మల్లాపూర్‌లో మా ఆయన పనిచేసే బోల్టుల ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన పొద్దున్నే బయల్దేరి అన్ని ఫ్యాక్టరీల గేట్లూ తిరిగి, మధ్యాహ్నానికి వాడిపోయిన మొహంతో వచ్చేవాడు. అప్పుడే బావ ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకుని దిగాడు. సిద్ధాంతి ఇల్లు చూడనేలేదు. గేటు దగ్గరే ఆగి పైకి చూసి, నెత్తిమీద రాలిన పువ్వు దులుపుకున్నాడు.

"ఈశాన్యంల గింత బరువేంది? ఈ మూల ఖాళీగ ఉండాలె. తీసెయ్యుండ్రి, అన్నీ అవే సర్దుకుంటయ్" అన్నాడు.

"బరువేందండి? బొంగులు, ఆకులే గద" అన్నాను.

"సూపుకు అల్కగనే ఉంటదమ్మా. ఇంటికి బరువు."

బావ అందుకున్నాడు. "ఇంకేం సూస్తున్నవమ్మా? తమ్ముడు నౌకరి లేక ఇంట్ల కూసున్నడు. ఓ తీగ కోసం గింత మొండితనమా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో యజమాని ఫ్యాక్టరీకి తాళం వేసుకుని పోతే నేరం నా పువ్వులదట!

"తియ్యను బావా" అన్నాను. "మీరు చెప్పిన గోడలన్నీ పడగొట్టించినం. ఇది నాది. దీని జోలికి రాకుండ్రి."

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ వంగిన తల చూస్తే కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. ఆయన భయం నాటకం కాదు, నాకు తెలుసు. అయినా తగ్గలేదు.

ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన కొట్టింది. మట్టిలో పాతిన బొంగులు అడుగున ఎప్పుడో చివికిపోయి ఉన్నాయి. కమాను తీగతో సహా గేటుకి అడ్డంగా కూలింది. "సూసినవా? దేవుడే తీసేసిండు" అన్నాడు బావ ఫోన్లో. ఆ గొంతులో సంతోషం వినగానే నేను నిశ్చయించేసుకున్నాను, మళ్లీ కడతానని. ఈసారి ఇనుముతో.

మా ఆయన కత్తి పట్టుకొచ్చాడు. "నడవనీకి తొవ్వ లేదు. కోసేస్త."

"ముందు నన్ను జరిపి కొయ్యండి" అని తీగ ముందు నిలబడ్డాను.

ఆయన నన్ను చూశాడు, తీగని చూశాడు, కత్తి పిట్టగోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నేను పాత చీర చింపి, తీగని కిటికీ ఊచలకీ బట్టల దండేనికీ ఎత్తి కట్టాను. దవాఖానాలో కాలు పైకి కట్టిన పేషెంటులా వేలాడింది, పాపం. అప్పటినుంచి ఇంట్లోకి ఎవరు రావాలన్నా దాని కింద వంగి రావాల్సిందే. బావ కూడా వంగాడు. అది చూసి నాకు భలే తృప్తిగా ఉండేది.

మల్లాపూర్‌లో వెల్డింగ్ షాపుకి ఒక్కదాన్నే వెళ్లాను. వెడల్పెంతని అడిగాడు వెల్డరు. పూలు కొన్నట్టే, గేటు దగ్గర జాగా నా చేత్తో కొలుచుకుని వెళ్లాను. "నాలుగు మూరలు" అన్నాను ధీమాగా.

తయారైన కమాను ట్రాలీ ఆటోలో దిగింది. ఒక కాలు గోడ పక్కన పెడితే రెండో కాలు నీళ్ల సంపు మూత మీదికెక్కి కూర్చుంది. వెల్డరుకి ఫోన్ చేసి దులిపేశాను. "మూరంటే అడుగున్నర గద మేడమ్. గట్లనే జేసిన" అన్నాడు. నేను పొట్టిదాన్ని. నా చెయ్యి ఇంకా పొట్టిది. మూర కొలిచినప్పుడల్లా పూలమ్మే ఆమె చేతిని దెప్పేదాన్ని, నా చేతి సంగతి చూసుకోనేలేదు!

సంగతి తెలిసి బావ పరుగున వచ్చాడు. కమాను చుట్టూ తిరిగేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. "గేటు బయట పెట్టమ్మా. బయటుంటే దోషం మనకంటదు. నీ ముచ్చట గూడ తీర్తది."

మా ఆయన ఆశగా నావైపు చూశాడు. నిజమే, అది తేలికైన దారి. కమాను నిలబడేది, ఇంట్లో గొడవా ఉండేది కాదు. కానీ అప్పుడది వాళ్లు ఒప్పుకున్న కమాను అయ్యేది. నాది అయ్యేది కాదు.

"లోపల్నే ఉంటది" అన్నాను. "నా తీగ వేరు లోపలున్నది."

కమానుని మళ్లీ మల్లాపూర్ పంపి, అడ్డకమ్ములు కోయించి అతికించి తెప్పించాను. ఆ అతుకులు ఇప్పటికీ గడ్డల్లా తేలి కనిపిస్తాయి. గుంతలు నేనే తవ్వాను. సిమెంటూ కంకరా కలిపి పోస్తుంటే కమాను ఒకవైపు ఒరిగిపోయింది. ఒక చేత్తో దాన్నీ, ఒక చేత్తో తాపీనీ పట్టుకుని తంటాలు పడుతున్నాను. మా ఆయన అరుగు మీంచి లేచి వచ్చి రెండో కాలు పట్టుకున్నాడు. "జర ఇటు" అన్నాడు కాసేపటికి. ఇటుకలు ఆనించి నిలబెట్టేదాకా వదల్లేదు. సిమెంటు గట్టిపడ్డాక చీర ముడులు విప్పి తీగని దాని మీదికెక్కించాను.

వానలు తగ్గే వేళకి ఆయనకి ఇంకో ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. పాత సూపర్‌వైజరు చెప్పి పెట్టించాడు. అంతే సంగతి. కానీ బావ మిఠాయి డబ్బాతో వచ్చి ఏమన్నాడో తెలుసా? "ఇనుపది మీ ఇంటికి కలిసొచ్చిందమ్మా. సిద్ధాంతి గూడ గదే అన్నడు!"

నోరెళ్లబెట్టాను. "బావా, అప్పుడు నౌకరి పోయింది దీనితోని గాదు, ఇప్పుడు వచ్చింది దీనితోని గాదు. తీగ పాకనీకి కట్టిన. గంతే."

ఎవరు వింటారు? ఆ ఆదివారమే మా ఆయన పెద్ద బూడిదగుమ్మడికాయ తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా కమాను నడిమధ్యన వేలాడదీశాడు. నా పువ్వుల మధ్య ఆ గుమ్మడికాయ! మర్నాడు ఆయన పనికి వెళ్లగానే స్టూలెక్కి దాన్ని దింపాను. కడిగి, తురిమి, నెయ్యి పోసి హల్వా చేశాను.

సాయంత్రం ఆయన కమాను కింద ఆగి, పైకి చూసి లోపలికొచ్చాడు. గిన్నె ముందు పెట్టాను.

"గా గుమ్మడికాయనేనా?"

"అదే."

చెంచా గాల్లోనే ఆగిపోయింది. "మల్ల దిష్టి తగిల్తే?"

"తగలనియ్యండి. అందరు చూడాల్ననే గద నేను కట్టింది."

ఆయన గేటువైపు చూశాడు. తర్వాత చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు.