ఈ బుద్ధి ఎవరింటిది?

ఇమాం బాషా అయ్యవారికి ఉన్నది ఒకటే పిచ్చి. బడిలో పిల్లవాడు తప్పు చేస్తే పిల్లవాడి మీద చెయ్యి వెయ్యడు. సాయంత్రం వాణ్ని వెంటబెట్టుకుని వాళ్లింటికి పోతాడు. ఆ తప్పు వాడికి ఎవరి దగ్గర అబ్బిందో తేల్చి, ఆ పెద్దమనిషి చేత నడివీధిలో, పిల్లవాడి ముందరే గుంజీలు తీయిస్తాడు. తక్కిన ఊళ్లలో అయ్యవారిని చూసి పిల్లలు వణికేవాళ్లు. తెల్లదొరల కాలంలో, ఆత్మకూరు పడమటి వీధిలో మాత్రం తల్లిదండ్రులు వణికేవాళ్లు.

"బుద్ధులు చెప్పేది బడి పని గదా అయ్యవారూ" అని ఎవరైనా అంటే ఆయన కళ్లద్దాలు సర్దుకునేవాడు. "మీవోడు బడికి వచ్చేటప్పుడు అక్షరం రాదు. అబద్ధం మాత్రం అప్పటికే వచ్చు. రానిది నేను నేర్పిస్తాండా. వచ్చినది ఎవరు నేర్పినారో చెప్పప్పా!"

బండి తోలే బొజ్జన్న సంగతే చూడండి. అయ్యవారు హాజరు పిలుస్తూ బొజ్జన్న కొడుకు పేరు చదివితే, ఎదురుగా కూర్చున్న ఆ కొడుకే లేచి, "లేడు, నంద్యాల సంతకు పోయినాడు" అన్నాడు. పేరు పెట్టి ఎవరు పిలిచినా అలాగే చెప్పాలని పాపం వాడి నమ్మకం. సాయంత్రం అయ్యవారు వాళ్ల గుమ్మం ముందు నిలబడి "బొజ్జన్నా!" అని కేకేస్తే, లోపల్నుంచి బొజ్జన్న గొంతే "లేడు, సంతకు పోయినాడు!" అంది. ఆ రోజు బొజ్జన్న తీసిన గుంజీలు చూడడానికి వీధి వీధంతా చేసే పని మానుకుంది.

గాజుల షంషాద్ బీ కూతురు బడిలో రాయకూడని తిట్టొకటి తిట్టింది. ఆ తిట్టు అత్తదని షంషాద్ బీ, కోడలిదేనని అత్త. అయ్యవారు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి చెవులు ఒకరి చేత పట్టించి తీయించాడు. అత్తాకోడళ్లు కలిసిమెలిసి చేసిన మొదటి పని అదేనని అందరూ చెప్పుకున్నారు.

ఇవన్నీ చూసి కడుపుబ్బ నవ్విన వాళ్లలో భీమక్క ఒకతె. మొగుడు పోయినాక వేరుశనగ చేలల్లో కూలి చేసుకుంటూ కొడుకు చిన్న ఈరన్నను బడికి పంపుతోంది. అయ్యవారు తన గుమ్మం తొక్కే రోజు రాదని ఆమె ధీమా. ఒక సాయంత్రం ఆమె చేను నుంచి వస్తుంటే పక్కింటి మహాదేవమ్మ ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"భీమక్కా, కొంప మునిగిందే! మీవోడు బడి అరుగు మీద ఎండబోసిన ఇత్తనం శెనక్కాయలు దొంగిలించినాడంట."

"అయ్యో! యాడ దాసినాడు?"

"జుట్టులో!"

భీమక్క చెయ్యి దానంతటదే తన కొప్పు మీదికి పోయింది. మహాదేవమ్మ చెయ్యి కూడా తన కొప్పు మీదికే పోయింది.

ఎందుకంటే వాళ్లిద్దరూ పనిచేసేది రామలక్ష్మమ్మ చేలో. పొద్దు వాలగానే ఆమె గట్టు మీద నిలబడి కూలి ఆడవాళ్లందరి చేతా కొంగులు దులిపించేది, ఒడి విప్పించేది. కొప్పుల సంగతి మాత్రం ఆమెకు ఇంకా తట్టలేదు. భీమక్క ఇంటికొచ్చి కొప్పు విప్పి గుప్పెడు కాయలు కొడుకు దోసిట్లో రాల్చేది. వాడికీ మహానందిలో తీయిస్తామని మొక్కుకుని పెంచిన జుట్టు ఉంది. అమ్మ చేసినట్టే వాడూ కాయలు పెట్టి ముడి వేశాడు. బడి వదిలేముందు అయ్యవారికి దండం పెడుతూ వంగేసరికి అవి టపటపా పలక మీద రాలాయి.

ఇక అయ్యవారు వస్తాడు. ఈ బుద్ధి ఎవరిదని అడుగుతాడు. ఆయన ఎవరింటికి పోయినా ముక్కాలిపీట తెచ్చుకుని మరీ కూర్చునే రామలక్ష్మమ్మ చెవులారా వింటుంది. రేపటి నుంచి భీమక్కకు కూలి ఉండదు. తక్కిన ఆడవాళ్లు కొప్పు విప్పి చూపిస్తే తప్ప ఇల్లు చేరలేరు. పొయ్యి మీద సంగటి అడుగంటుతున్నా భీమక్క ముక్కుకు తెలియలేదు.

అయ్యవారు రానే వచ్చాడు. చేతికి వేలాడుతూ చిన్న ఈరన్న. ఎప్పుడూ టోపీయే పెట్టుకునే మనిషి ఆ రోజు ఇంత లావు తలపాగా చుట్టుకొచ్చాడు. వీధంతా మూగింది. రామలక్ష్మమ్మ పీట అందరికంటే ముందు పడింది.

"చిన్న ఈరన్నా, ఈ బుద్ధి ఎవరింటిది?" అన్నాడు అయ్యవారు.

వాడు తల్లి వైపు చూశాడు. భీమక్క కొప్పు మీదికి కొంగు లాక్కుంది.

"తలలో దాసుకోవాలని ఇంత పిల్లోనికి ఎట్ల తోచిందప్పా?" అంది రామలక్ష్మమ్మ, ముందుకు వంగి. "చెప్పరా అబ్బోడా, ఎవరిని చూసి నేర్సినావు?"

వాడు నోరు తెరిచాడు.

"నన్ను చూసి!" అన్నాడు అయ్యవారు. అంటూనే తలపాగా లాగేశాడు. సుద్దముక్కలు, పెన్సిలు, పొడుం డబ్బీ, ఒక ఖర్జూరం బొలబొలా నేలరాలాయి. "బల్ల మీద పెడితే పిల్లోళ్లు ఎత్తుకపోతారని అన్నీ తలలో పెట్టుకుంటాండా. అయ్యవారు చేసిందే శిష్యుడు చేసినాడు. ఈ తప్పు బడిది."

"నువ్వు టోపీ గదా పెట్టేది అయ్యవారూ?" అంది రామలక్ష్మమ్మ.

"బడి లోపల తలపాగానే, తల్లీ."

"లేదు, బడిలో గూడా టో..." అని చిన్న ఈరన్న అనబోయాడు. భీమక్క ఒక్క ఉదుటున వచ్చి వాడి నోరు మూసింది. ఊళ్లో ఒక్క అబద్ధాన్నీ వదలని మనిషి, కొడుకు నోట కొప్పు సంగతి విని, తన కూలి పోకుండా అంతమంది ముందు తలపాగా అంత అబద్ధం ఆడాడని ఆమెకు అర్థమైంది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది, ప్రాణం మాత్రం లేచొచ్చింది.

అయ్యవారు చెవులు పట్టుకుని మొదలుపెట్టాడు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మోకాళ్లు కటకటమంటుంటే బొజ్జన్న ఉత్సాహం పట్టలేక, "ఇంకా వంగాల అయ్యవారూ, మాకు చెప్పినావే!" అని కసి తీర్చుకున్నాడు. రామలక్ష్మమ్మ నవ్వీ నవ్వీ పీట అక్కడే మరచి పోయింది.

అందరూ పోయాక భీమక్క చెంబుతో నీళ్లిచ్చింది.

"అమ్మా భీమక్కా," అన్నాడు ఆయన మెల్లగా, మోకాళ్లు రాసుకుంటూ. "ఈ పొద్దు నీ తప్పు బడి మోసింది. ఇంగ బుద్ధి ఇంట్లోనే నేర్పుకో. ఇంకోతూరి నా మోకాళ్లు మొయ్యలేవు."

మర్నాడు భీమక్క కొప్పు లేకుండా, నూనె రాసి నున్నగా దువ్విన జడతో చేలోకి దిగింది. ఆడవాళ్లందరూ నోళ్లు తెరిచారు. గట్టు మీది నుంచి రామలక్ష్మమ్మే అడిగింది. "ఏమే భీమక్కా, పెండ్లికూతురి మాదిరి జడేసినావు?"

"ఏం లేదక్కా," అంది భీమక్క. "ముసలాయన మోకాళ్లు తలుచుకుంటే జాలైతాండాది."