బాపు పోయిన చోటు

పొద్దున ఏడు గంటల ఐదు నిమిషాలకు పెద్దపల్లి బస్సు హారన్ కొట్టింది. మంథనిలో రోజూ వినేదే. ఆ మోత ఆగకముందే మా నాన్న, బాపు, ఊపిరి ఆగింది. అప్పటికింకా హైదరాబాదు రాష్ట్రమే. ఆ పొద్దున నేను ఆడిన అబద్ధాన్ని పన్నెండేళ్లుగా మోస్తున్నాను. ఇంక మొయ్యను. మీకు చెప్పేస్తున్నాను.

పక్షవాతంతో బాపుకు కుడి చెయ్యి, మాట పోయాయి. గుండె అంతకుముందే చెడింది. పడుకోబెడితే ఆయాసం, ఆయాసంతో భయం, భయంతో ఇంకా ఆయాసం. మాట లేదు గనుక ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకునేవాడు. ఎప్పుడూ కూర్చోబెట్టే ఉంచమని డాక్టరు చెప్పాడు.

ముందురోజు సాయంత్రం బాపు అన్న, మా పెద్దబాపు, నేల అలికించి గడ్డి పరిపించాడు. మంచం మీద ప్రాణం పోకూడదన్నది మా ఆచారం.

"ఇగ లాభం లేదు బిడ్డా, కిందికి దించు."

"పండవెడితే ఊపిరాడది పెద్దబాపు. డాక్టర్ సాబ్ వద్దన్నడు."

"నాలుగు పుస్తకాలు చదివి మాకే చెప్తవా? రేపు స్వర్గంల తలుపు తీసేది నీ డాక్టర్ సాబేనా?"

దించారు. కాళ్లు పట్టింది నేనే. బాపు కళ్లు నన్ను వెతికాయి. నీళ్లలో మునుగుతున్న మనిషి చూపు అది. చంకల కింద చేతులేసి లేపి మళ్లీ మంచమెక్కించాను. పెద్దబాపు అలిగి వాకిట్లో కూర్చున్నాడు.

తెల్లవారి ఆయన గోదావరి నీళ్లకు పోయాడు. అవ్వ, నా కన్నతల్లి, పెరట్లో ఉంది. మంచం మీద బాపు వెనక కూర్చుని, ఆయన వీపును నా ఎదకు ఆనించుకున్నాను. మణికట్టు మీద పట్టు మెల్లగా సడలింది. ఆఖరికి భయం లేదు. అది నాకు తెలుసు.

తర్వాత ఆయన్ను గడ్డి మీదికి దించాను. అవ్వ పరుగున వచ్చింది.

"నేల మీదనే పోయిండా బిడ్డా?"

"నేల మీదనే పోయిండు అవ్వా."

నా తప్పు అదీ. కూర్చోబెట్టడం కాదు. దానికి ఎవరినీ క్షమాపణ అడగను. ఈ రోజైనా అదే చేస్తాను. ఏ స్వర్గం కోసం ఆ మనిషి ఊపిరాడక పోవాలి? కానీ అవ్వ ప్రతి అమావాస్యకు ఆ చోటు అలికి, దీపం పెట్టి, ఏమీ జరగని నేలకు మొక్కేది. నూనె అందించింది నేను. ఆమె కుమిలిపోతుందని ఊరుకున్నానా? పెద్దబాపు నోటికి భయపడ్డానా? బాపు ఊపిరి కోసం అందరినీ ఎదిరించిన దాన్ని, ఒక్క నిజం చెప్పలేకపోయాను.

అవ్వ నిరుడు పోయింది. ఆ చోట ఇప్పుడు దీపం పెట్టడం లేదు.