దిగలేని దిగులు

నాకు సైకిలు తొక్కడం వచ్చు. ఈ మాట ముందే చెప్పేయాలి, చివరికొచ్చేసరికి మీరు నమ్మరు కాబట్టి. నాకు రానిది దిగడం.

చిన్నప్పుడు మా వీధిలో ప్రతి ఇంటికీ ఓ అరుగుండేది. నాన్న సైకిలేమో నాకంటే ఎత్తు. మొదట కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు, తర్వాత కడ్డీ మీదికి, ఆ తర్వాత సీటు మీదికి వరసగా ప్రమోషన్లు వచ్చాయి గానీ, కాళ్ళు మాత్రం నేలకందేంత పొడుగు రాలేదు. ఒకరి అరుగు మీద కాలు మోపి బయల్దేరి, ఇంకొకరి అరుగు మీద కాలు మోపి ఆగేవాణ్ణి. దిగడమనే పాఠం మా వీధి సిలబస్‌లోనే లేదు. ఇంగ్లండు వచ్చి లీసెస్టర్‌లో స్థిరపడ్డాక ఫుట్‌పాత్ గట్లు ఆ అరుగుల పని చేసిపెట్టాయి. ఈ రహస్యం మా అమ్మాయికి తప్ప ఎవరికీ తెలీదు. ఉద్యోగరీత్యా నేను కౌన్సిల్‌లో పార్కింగ్ పర్మిట్లు చూస్తాను. ఊళ్ళో ఎవరి బండి ఎక్కడ ఆగొచ్చో చెప్పేవాణ్ణి నేనే.

షెఫీల్డ్ నుంచి ఈ ఊరొచ్చాక చాలాకాలం నాకు స్నేహితులు లేరు. యాభై దాటాక పెళ్ళిచూపులకి కూర్చోవడమైనా సులువేమో గానీ, కొత్త స్నేహం కుదరడం కష్టం. అలాంటిది ఓ తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాలకి వెళ్తే ఒక్కసారే ఇద్దరు దొరికారు. ఒకాయన గుంటూరు నుంచి వచ్చిన ఎముకల డాక్టరు. రెండోవాడు రీడింగ్ అనే ఊళ్ళో ఐటీ కాంట్రాక్టరు, వరంగల్ మనిషి, మా ఇద్దరికంటే చిన్నవాడు కాబట్టి నాకు తమ్ముడైపోయాడు. సెలవు దొరికితే సైకిళ్ళేసుకుని ఊళ్ళు తిరుగుతారు. "మీకు సైకిలొచ్చా?" అని అడిగితే "చిన్నప్పట్నుంచీ" అన్నాను. అబద్ధం కాదు కదా. ఆ తర్వాత ఆదివారాలన్నీ, గట్టు కనబడిన చోటల్లా "ఇక్కడ వ్యూ బాగుంది" అంటూ ఆగి నెట్టుకొచ్చాను. బస్‌స్టాపుల దగ్గరా, టైర్ల షాపుల ముందూ నేను చూసిన అందాలకి వాళ్ళు నన్ను భావుకుడి కింద జమకట్టారు.

మొన్న వేసవిలో ఫెన్స్ మీదుగా సముద్రం దాకా ఒక రోజు యాత్ర పెట్టారు. అది నాకు పరీక్ష. తట్టుకుంటే, ఆగస్టులో వాళ్ళు వేసుకున్న వారం రోజుల టూరుకి నన్నూ కలుపుకుంటారు. లేకపోతే ఆ వారమంతా ఇంట్లో కూర్చుని వాళ్ళ ఫొటోలకి బొటనవేళ్ళు పెడుతూ ఉండాలి.

"కెనడాలో ప్రెయిరీలని ఉంటాయి చూడండి గురువుగారూ, కనుచూపు మేర మైదానాలు? ఇంగ్లండుకి అలాంటివి ఇవే అనుకోండి. ఒక్క ఎత్తుండదు. బల్లపరుపు," అన్నాడు డాక్టరు ఫోన్‌లో.

నేను మాత్రం ఫెన్స్ అంటే కంచెలనుకున్నాను. దారి పొడుగునా కంచెలుంటే ఏదో ఒకటి పట్టుకుని ఆగొచ్చన్న ధైర్యంతో ఒప్పేసుకున్నాను.

మా అమ్మాయి తెలుగంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చే రకం. ఆ పొద్దున ముగ్గురికీ సరిపడా పులిహోర డబ్బా నా వీపు సంచీలో సర్దుతూ, "డాడ్, హౌ విల్ యూ స్టాప్?" అంది.

"ఫెన్సులుంటాయమ్మా, పట్టుకుంటాను."

"డాడ్, ఇట్స్ ఎ మార్ష్."

చిత్తడి నేల అన్న మాట బుర్రలోకి దిగేసరికి నేను రైల్లో ఉన్నాను.

పీటర్‌బరో స్టేషన్‌లో దిగగానే డాక్టరు నా సైకిలు వంక ఎక్స్‌రే చూసినట్టు చూశాడు. "సీటు ఇంత కిందికా? మోకాళ్ళు అరిగిపోతాయి. అరిగాక నా దగ్గరికే వస్తారు, నేనేమో వెయిటింగ్ లిస్టులో పెడతాను," అంటూ జేబులోంచి పానా తీసి సీటు జానెడు పైకి లేపేశాడు. ఎముకల డాక్టరుకి అరుగుదల తెలుసు గానీ అరుగు తెలీదు. గట్టు మీద కాలు పెట్టి ఎక్కి కూర్చున్నాను. రెండో కాలు గాల్లో వేలాడింది. ఇన్నేళ్ళ తర్వాత నాన్న సైకిలు మళ్ళీ నా కిందికొచ్చింది.

ఊళ్ళున్నంత సేపూ గట్లున్నాయి, నాకు వ్యూలూ ఉన్నాయి. తర్వాత ఊళ్ళు అయిపోయాయి. నల్లటి పొలాలు, క్యాబేజీలు, వాటి మీద మూతలా బోర్లించిన ఆకాశం. రోడ్డుకి రెండు పక్కలా నిండుగా కాలువలు. కొబ్బరిచెట్లు పీకేసిన మా డెల్టాలా ఉంది. నిజంగానే బల్లపరుపు. కానీ బల్లుంటే కాలు మోపేవాణ్ణి, పరుపుంటే పడిపోయేవాణ్ణి. రెండూ లేవు. ఫెన్స్‌లో ఒక్క ఫెన్సు కూడా లేదు. దిగులు అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అక్కడ తెలిసింది. దిగలేని వాడికి వచ్చేదే దిగులు.

మధ్యాహ్నానికి వెనక నుంచి తమ్ముడి గొంతు వినబడింది.

"అన్నా, జర ఆగే. ఆకలైతాంది."

"ఇంకొంచెం ముందుకెళ్దాం తమ్ముడూ. అక్కడ వ్యూ బాగుంటుంది."

"ఈడున్న వ్యూనే ఆడ గూడ ఉన్నది. పొద్దటి సంది ఒక్కటే వ్యూ."

"మాట్లాడక తొక్కవయ్యా," అన్నాడు డాక్టరు. "పులిహోర ఆయన దగ్గరుంది. వదిలావంటే పోతుంది."

అంతలో గాలి మా వెనక్కి తిరిగింది. చిన్నప్పుడు నన్ను గాలి తిరుగుళ్ళు తిరుగుతున్నానని తిట్టేవారు. ఆ రోజు అక్షరాలా తిరిగాను. నేను తొక్కకపోయినా సైకిలు పోతోంది. వెనకాల వాళ్ళిద్దరూ పులిహోర కోసం ప్రాణం పెట్టి తొక్కుతున్నారు. "ఈ వయసులో ఏం స్పీడండీ," అని డాక్టరు ఆయాసపడుతూ మెచ్చుకోవడం నాకు వినబడింది. కాసేపు సంతోషించాను కూడా.

చివరికి తమ్ముడు నన్ను దాటేసి, రోడ్డు పక్కనున్న ఓ పెద్ద సిమెంటు చప్టా మీద సైకిలాపి, చేతులు రెండూ చాపి నించున్నాడు. చలికాలంలో రైతులు చక్కెర దుంపలు కుప్పపోసుకునే చప్టా అది. వేసవి కాబట్టి దుంప అన్నది లేదు. డాక్టరూ వచ్చి అతని పక్కన ఆగాడు. చప్టా మీదికి తిరిగాను గానీ, మోపడానికి ఏమీ లేక వాళ్ళిద్దరి చుట్టూ తిరగడం మొదలెట్టాను.

"ఏంటి గురువుగారూ, అలా తిరుగుతున్నారు?"

"కాళ్ళు పట్టేశాయి. సాగదీస్తున్నా."

ఇంకో చుట్టు తిరిగాను. ఇంకోటి.

"ప్రదక్షిణ చేస్తున్నవా అన్నా? మేమేమన్న దేవుండ్లమా?"

"ప్రసాదం కూడా ఆయన దగ్గరే ఉంది మరి," అన్నాడు డాక్టరు నీరసంగా.

చెబితే టూరు పోతుంది. చెప్పకపోతే చీకటిపడే దాకా తిరగాలి. కాళ్ళలో ఓపిక తగ్గుతున్న కొద్దీ మనిషిలో నిజాయితీ పెరుగుతుంది.

"నాకు దిగడం రాదు," అన్నాను డాక్టరు ముందు నుంచి వెళ్తూ.

ఆయన ఏమన్నాడో తెలుసుకోవడానికి మళ్ళీ చుట్టు తిరిగి రావాల్సొచ్చింది.

"ఎప్పట్నుంచీ?" అంటున్నాడు, ఆసుపత్రి గొంతుతో.

"మొదట్నుంచీ."

వచ్చే చుట్టుకి రెండో ప్రశ్న సిద్ధంగా ఉంది. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ. నాన్న బాగానే దిగేవారు."

తమ్ముడు అప్పటికే చప్టా మీద కూలబడ్డాడు. నవ్వుతూనే అడిగాడు. "అంటే, ఆ టైర్ల షాపు కాడ వ్యూ?"

"గట్టు."

"బస్‌స్టాపు కాడ?"

"అదీ గట్టే."

"నేనింటికి వొయి మా ఆమెకు చెప్పిన గదనే, అన్నది కవి మనసు అని." కళ్ళు తుడుచుకుని లేచాడు. "సరే, ఆగు. నేనే అరుగైత."

"ఆగలేకే కదయ్యా ఇదంతా," అన్నాను అవతలి మూల నుంచి.

అతను కాళ్ళు ఎడంగా పెట్టి స్తంభంలా నిలబడ్డాడు. నేను బ్రేకు నొక్కుతూ వెళ్ళి భుజం పట్టుకున్నాను. మంచి ఉపాయమే. అయితే అతనికి మెడ దగ్గర కితకితలు. స్తంభం మెలికలు తిరిగింది. సైకిలూ, నేనూ, అతనూ, ఎవరికీ తొందర లేనట్టు, మెల్లగా పక్కకి ఒరిగాం. డాక్టరు పరిగెత్తుకొచ్చి మొదట సంచీ అందుకున్నాడు. డబ్బా మూత సరిగ్గా ఉందని చూసుకున్నాక నా మోకాలు చూశాడు.

వాళ్ళిద్దరూ పోటీపడి పులిహోర సగం చేశారు. నాకు మాత్రం మెతుకు దిగలేదు. నాలాంటిదే అదీ.

"మరి టూరు సంగతి?" అన్నాను.

డాక్టరు పల్లీ నములుతూ నా సైకిలు వంక చూశాడు. "సీటు మాత్రం దించను. మోకాళ్ళ విషయంలో రాజీ లేదు."

"అది కాదు. నేను రావచ్చా అని."

"రాకపోతే ఈ పులిహోర ఎవరు తెస్తారండీ? మీరు తొక్కండి. ఆగే సంగతి మేం చూసుకుంటాం." ఆసుపత్రిలో అలవాటైన పని కాబట్టి అక్కడికక్కడే రోటా వేసేశాడు. సముద్రం దాకా ఇద్దరూ వంతులవారీగా అరుగు డ్యూటీ.

ఆ సాయంత్రమంతా అలాగే సాగింది. ఆగాలనుకున్నప్పుడు డ్యూటీలో ఉన్నవాడు ముందుకెళ్ళి, సైకిలు పడుకోబెట్టి, భుజం చూపించి నిలబడేవాడు. తమ్ముడు మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. డాక్టరు భుజం గట్టిది గానీ, పట్టుకున్న ప్రతిసారీ "మణికట్టు వంచకండి" అనేవాడు. దారిన కుక్కతో పోతున్న ఓ ముసలాయన మా పద్ధతి ఒకసారి పూర్తిగా చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సముద్రం ఒడ్డుకి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. ఇసక ముందు, నడుచుకునే బాట పొడుగునా, మోకాలెత్తు గోడ. ఎంత పొడుగంటే, మా వీధి అరుగులన్నీ వరసగా పేర్చినట్టుంది. పొద్దుట్నుంచీ నేను వెతుకుతున్నది అదే. కాలు చాపితే చాలు. గోడ చివర తమ్ముడు అప్పటికే తువ్వాలు సర్దుకుని, భుజం వంచి, నా వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

గోడ వెంబడే తొక్కుకుంటూ వెళ్ళి అతని భుజం పట్టుకుని ఆగాను.

"గంత పెద్ద గోడ ఉన్నది గదనే అన్నా," అన్నాడు.

"కనబడలేదు," అన్నాను.

డాక్టరు నా మొహం వంక అనుమానంగా చూశాడు. "టూరుకెళ్ళే లోపల ఓసారి కళ్ళు కూడా చూపించుకోండి గురువుగారూ."